స్లాబు పడకముందే అడగండి

ఆస్పత్రి కట్టడాల మీద ఈ నెల వచ్చిన ప్రశ్నలివి. ఆస్పత్రుల డిజైన్ చేసే ఆర్కిటెక్టు, ఇంజినీరు కలిసి జవాబులిచ్చారు. సగం ఉత్తరాలు భవనం పూర్తయ్యాక రాసినవే. రోగికి, నర్సుకు సుఖమిచ్చే పనుల్లో ఎక్కువ భాగం ప్లాను కాగితం మీదే తేలిపోతాయి. సెంట్రింగ్ కొట్టాక చేతిలో మిగిలేది రంగులు, కర్టెన్లే.

ప్రశ్న: ముప్పై పడకల నర్సింగ్ హోమ్ కడుతున్నాం. ఆరు పడకల జనరల్ వార్డులకు కూడా స్ప్లిట్ ఏసీలు పెట్టేసి కిటికీలు చిన్నవి చేద్దామని కాంట్రాక్టరు అంటున్నాడు. కరెంటు బిల్లు సంగతి అలా ఉంచితే ఇందులో తప్పేమైనా ఉందా? – ఒక డాక్టరు, నరసరావుపేట

ఉంది. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి చుక్కంత కూడా లోపలికి తేదు. ఆరుగురు రోగులు, వాళ్ల తోడుగా మరో ఆరుగురు ఉన్న గదిలో కిటికీలు బిగించి ఏసీ వేస్తే, ఒకరు దగ్గింది తెల్లారేదాకా అందరూ పీలుస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సహజంగా గాలి ఆడే కొత్త జనరల్ వార్డుల్లో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల బయటి గాలి అందాలి. గాలి ద్వారా సోకే జబ్బులున్నవాళ్ల గదిలో అయితే 160 లీటర్లు. మీ వార్డుకు లెక్క వేద్దాం. ఆరుగురికి 360 లీటర్లు. ఎదురెదురు గోడల్లో కిటికీలుంటే వాడే మోటు లెక్క ఇది: 0.65ను గాలి వేగంతో (సెకనుకు మీటర్లలో), రెండు గోడల్లో తక్కువగా ఉన్న ఖాళీతో (చదరపు మీటర్లలో) గుణించి, మళ్లీ వెయ్యితో గుణిస్తే సెకనుకు ఎన్ని లీటర్లో వస్తుంది. గాలి సరిగా ఆడని రోజుకు వేగం 0.5 అనుకుంటే, ఒక్కో గోడకు 1.1 చదరపు మీటర్లు, అంటే దాదాపు 12 చదరపు అడుగుల ఖాళీ కావాలి.

12 అడుగులే కదా అనిపిస్తుంది. దెబ్బ తినేది ఇక్కడే. ఆరడుగులకు నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ విస్తీర్ణం 24 చదరపు అడుగులు, కానీ తెరుచుకునేది సగమే: 12. దానికి దోమల మెష్ బిగిస్తే గాలి సగానికి పడిపోతుందని లెక్క వేసుకోండి. మిగిలింది 6. అంటే అలాంటి కిటికీలు ఒక్కో గోడకు రెండు కావాలి. బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ అయితే తెరిచినంతా ఖాళీయే కాబట్టి చిన్నది సరిపోతుంది. మెష్‌ను ఊడదీసి కడిగే ఫ్రేములో బిగించండి. దుమ్ము పట్టిన మెష్‌కూ గోడకూ పెద్ద తేడా ఉండదు.

రెండో గోడ అవతల ఏముంది అన్నది అసలు ప్రశ్న. మధ్యలో కారిడార్, అటూ ఇటూ గదులు అనే లాడ్జి ప్లానులో ఎదురు కిటికీకి చోటే లేదు. ఒకవైపే గదులు, రెండోవైపు తెరిచి ఉన్న వరండా పెడితే గాలి దానంతటదే ఆడుతుంది. క్షయకు మందులు లేని కాలంలో గాలి, వెలుతురు, విశ్రాంతే వైద్యం. మదనపల్లె దగ్గర 1912లో మొదలైన ఆరోగ్యవరం శానటోరియం ఆ కాలానిదే. స్థలం చాలక మధ్య కారిడార్ తప్పకపోతే, కనీసం దాని రెండు కొసలూ ఆకాశానికి తెరిచి ఉంచి, ప్రతి గది తలుపు మీదా రెండడుగుల వెంటిలేటర్ వదలండి. కొసల్లో స్టోర్ రూములు కట్టి మూసేయడం మన దగ్గర మామూలే, కట్టనివ్వకండి.

మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల గాలిని లోపలికి రానివ్వమని చెప్పడం సులువే, రోగికి కాదు. వార్డుకు ఏసీ పెట్టి తీరాలనుకుంటే, దాంతోపాటు ఫిల్టరు గుండా బయటి గాలి తెచ్చే ఫ్రెష్ ఎయిర్ ఫ్యానుకు విడిగా డక్టు, విడిగా స్విచ్చు పెట్టించండి. గోడకు ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు తగిలించండి. బయట 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 420) దరిదాపుల్లో ఉంటుంది. లోపల 1000 దాటితే కిటికీ తీయాలని వార్డు బాయ్‌కి కూడా అర్థమవుతుంది.

దగ్గుతో వచ్చేవాళ్లకు ఓపీ పక్కనే ఒక చిన్న గది విడిగా ఉండాలి. 10 అడుగులకు 13 అడుగులు, 10 అడుగుల ఎత్తు గది అంటే సుమారు 37 ఘనపు మీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలంటే గంటకు 444 ఘనపు మీటర్లు లాగాలి. ఫ్యాను డబ్బా మీద రాసిన అంకె ఏ అడ్డంకీ లేనప్పటిది, అందుకని 700కు తగ్గని ఎగ్జాస్ట్ కొనండి. తలుపు కింద అంగుళం సందు వదిలితేనే గాలి లోపలికి వస్తుంది. ఎగ్జాస్ట్ నోరు జనం కూర్చునే వరండాలోకి పెట్టిన ఆస్పత్రులు బోలెడు. అది పైకప్పు దాటి పోవాలి.

ఆపరేషన్ థియేటర్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ గంటకు 20 సార్లు గాలి మారాలి, అందులో కనీసం 4 సార్లు బయటి గాలి రావాలి, అతి సన్నని కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, గదిలో పీడనం బయటికన్నా ఎక్కువ ఉండాలి. ఇవేవీ స్ప్లిట్ ఏసీ వల్ల కావు. ఇవన్నీ చేసే ఏసీ యూనిట్ వేరే ఉంటుంది, దానికి పైన చోటు, డక్టులకు స్లాబు కింద రెండు నుంచి మూడడుగుల ఎత్తు ఇప్పుడే వదలాలి.

ప్రశ్న: మా ఆస్పత్రి బాత్రూముల్లో రోగులు తరచూ పడిపోతున్నారు. యాంటీ స్కిడ్ టైల్స్ వేయించినా తగ్గలేదు. – స్టాఫ్ నర్సు, కరీంనగర్

టైల్ ఒక కారణం మాత్రమే. ముందు గడప చూడండి. స్లాబు పోసేటప్పుడు బాత్రూమ్ భాగాన్ని కిందికి దించకపోతే, పైపులు దాచడానికి నేలను నాలుగైదు అంగుళాలు పైకి లేపుతారు. సెలైన్ స్టాండు పట్టుకుని, రెండు రోజులుగా సరిగా తినని మనిషికి ఆ మెట్టు చాలు. కొత్త కట్టడమైతే బాత్రూమ్ కింద స్లాబు తొమ్మిది అంగుళాలైనా దించి పోయించి, వార్డు గచ్చు, బాత్రూమ్ గచ్చు ఒకే మట్టానికి తేవాలి. నీళ్లు బయటికి రాకుండా తలుపు దగ్గర అర అంగుళానికి మించని వాలు పట్టీ, లేదా జాలీ మూత ఉన్న సన్నని కాలువ. మీది పాత కట్టడం కాబట్టి మెట్టు తీసేయలేరు. తలుపు బయట చిన్న ర్యాంపు వేయించండి: ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. మెట్టు అంచుకు పసుపు పట్టీ వేయించండి.

రెండోది తలుపు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక రోగి పడిపోతే, అతని ఒళ్లే తలుపుకు అడ్డం. బయటికి తెరుచుకునేలా తిప్పించండి, బయట నుంచి నాణెంతో తీయగలిగే గడియ పెట్టండి. వెడల్పు మూడడుగులకు తగ్గకూడదు.

మూడోది పట్టుకునే కడ్డీలు. ఏఏసీ బ్లాకుల (తేలికైన, గుల్ల కాంక్రీటు ఇటుకల) గోడకు మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులతో బిగించిన కడ్డీ ఆరు నెలల్లో ఊగుతుంది. ఊగే కడ్డీ లేని కడ్డీకన్నా ప్రమాదం, ఎందుకంటే మనిషి దాన్ని నమ్మి బరువు వేస్తాడు. కడ్డీ వచ్చే ఎత్తులో గోడలో కాంక్రీటు బ్యాండు పోయించాలి. కట్టేసిన గోడ అయితే అవతలి వైపు స్టీలు ప్లేటు పెట్టి గోడ ఇటు నుంచి అటు దాకా పోయే బోల్టులు వేయించండి.

కాల్ బెల్ తాడు నేలకు అడుగు ఎత్తుదాకా వేలాడాలి. పడిపోయినవాడికి అందేది అంతే. దాన్ని ఊడ్చేటప్పుడు అడ్డమని పైకి చుట్టి ముడేస్తుంటారు, రోజూ గమనించాల్సింది ఆ ముడిని. ఇండియన్ లెట్రిన్ పూర్తిగా ఎత్తేయకండి, అలవాటు లేని కమోడ్ మీదికెక్కి గొంతుకూర్చునే పెద్దవాళ్లు ఉన్నారు. వార్డుకు ఒకటి ఉంచి, దాని రెండు పక్కలా కడ్డీలు పెట్టండి.

ప్రశ్న: చేతులు కడుక్కునే సింకులు పెట్టించాం. ఎవరూ వాడటం లేదు, చుట్టూ ఎప్పుడూ తడే. – అడ్మినిస్ట్రేటర్, తణుకు

సింకు మూలన, తలుపు వెనక ఉండి ఉంటుంది. వార్డులో అడుగుపెట్టగానే కళ్లకు కనపడాలి. తడికి కారణం లోతులేని వాష్ బేసిన్, నీళ్లు నేరుగా రంధ్రంలో పడే కుళాయి. రంధ్రంలో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, ధార తగిలిన ప్రతిసారీ తుంపరలతో బయటికొస్తుంది. లోతైన సింకు, రంధ్రానికి పక్కగా పడే ధార, మోచేతితో తిప్పే కుళాయి పెట్టండి. పడకకు, మందులు కలిపే బల్లకు మూడడుగులైనా దూరం ఉండాలి. దాన్లో మిగిలిన సెలైన్, టీ పారబోయనివ్వకండి. ప్రతి మంచం కాళ్ల వైపు హ్యాండ్ రబ్ సీసా ఉంటే సింకు మీద భారం తగ్గుతుంది.

ప్రశ్న: రోగులకు ప్రశాంతంగా ఉండేలా వార్డుకు ఏ రంగులు వేయాలి? చెట్ల బొమ్మల వాల్‌పేపర్ మంచిదేనా? – ఇంటీరియర్ డిజైనర్, విశాఖపట్నం

రంగు కన్నా ముందు మీరు ఒకసారి ఆ మంచం మీద వెల్లకిలా పడుకోండి. నిలబడ్డప్పుడు కనపడని ట్యూబ్‌లైటు సూటిగా కళ్లలో పడుతుంది, తల మీద ఫ్యాను, ఏసీ నీళ్లు కారిన మరక. రోగి రోజులో ఎక్కువసేపు చూసేది వీటినే. ఫిన్లండ్‌లో 1933లో పూర్తయిన పైమియో క్షయ శానటోరియానికి ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టో ఈ లెక్కనే గది గీశాడు: పైకప్పుకు ముదురు ఆకుపచ్చ, పడుకున్నవాళ్ల చూపుకు అందని చోట దీపం, పక్కవాడి నిద్ర చెడకుండా చప్పుడు కాని వాష్ బేసిన్. మీరు చేయగలిగింది: పైలైటు మంచం మధ్యకు కాకుండా మంచాల నడుమ దారి మీదికి జరపండి, తల వెనక గోడకు పైకి వెలుగు కొట్టే దీపం, పరీక్షకు విడిగా ఒక లైటు. రాత్రికి నేల నుంచి అడుగున్నర ఎత్తులో చిన్న పసుపు దీపాలు. నర్సు దారి చూసుకుంటుంది, రోగి నిద్ర చెడదు.

చెట్ల బొమ్మ కన్నా చెట్టు మేలు. రోజర్ ఉల్రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ అందరూ చెప్పుకునేదే: పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని జతలుగా పోల్చితే, కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్లు ఇటుక గోడ కనపడినవాళ్లకన్నా ముందే ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని మొక్కల కుండీలు పెడితే జబ్బు నయమవుతుందని బ్రోచర్లు వేయడం అతి. కానీ కిటికీ గట్టు ఎత్తు మాత్రం దాన్నుంచి నేర్చుకోవచ్చు. మూడున్నర అడుగుల గట్టయితే పడుకున్నవాడికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. రెండున్నర అడుగులు చేసి, లోపల రక్షణకు కడ్డీ వేయండి. వాల్‌పేపర్ వద్దు. సముద్రపు తేమకు అంచులు లేస్తాయి, వెనక బూజు పడుతుంది.

రంగుల్లో కచ్చితంగా చెప్పాల్సింది ఒక్కటే: పసిపిల్లల వార్డులో గాఢమైన పసుపు, నీలం వద్దు. గోడ రంగు ఒంటి మీద పడి కామెర్లు, ఒళ్లు నీలం తిరగడం గుర్తుపట్టడం కష్టమవుతుంది. తెలుపు, లేత బూడిద చాలు. ఆ గది లైట్లు సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత అసలుగా కనపడతాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా కొనండి.

ప్రశ్న: నైట్ డ్యూటీలో మాకు కూర్చోవడానికి కౌంటరు వెనక ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. కొత్త బ్లాకు కడుతున్నారు. మేం ఏం అడగాలి? – నర్సింగ్ సిబ్బంది, ఖమ్మం

మూడు అడగండి. మొదటిది నడక. సెలైన్లు, సిరంజిలు ఉండే స్టోరు 80 అడుగుల దూరంలో ఉంటే, షిఫ్టుకు 40 సార్లు వెళ్లొచ్చేసరికి రెండు కిలోమీటర్లు. అది రోగి దగ్గర గడవని సమయం. ఎమర్జెన్సీ మందులు, దుప్పట్లు, సెలైన్లు నర్సు బల్లకు 30 అడుగుల లోపు ఉండేలా ప్లానులో బీరువా చోటు గీయించండి. ఆ బల్ల దగ్గర నిలబడితే ఎక్కువ మంచాల తలాపులు కనపడాలి. అలా కుదరకపోతే రెండు గదుల మధ్య గోడకు అద్దం కిటికీ, దాని ముందు చిన్న రాత బల్ల. నర్సు స్టేషన్‌ను లిఫ్టు ఎదురుగా రిసెప్షన్ లాగా పెట్టడం చూడటానికి బాగుంటుంది, తిట్లు తినడానికి తప్ప దేనికీ పనికిరాదు.

రెండోది విశ్రాంతి గది. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ మెడికల్ కాలేజీలో రాత్రి డ్యూటీ డాక్టరు మీద అత్యాచారం, హత్య జరిగింది సెమినార్ హాల్లో. విశ్రాంతి కోసం ఆమె వెళ్లింది అక్కడికే. ఆ తర్వాత సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. మీ ప్లానులో ఆడవాళ్లకు విడిగా 10 అడుగులకు 12 అడుగుల గది ఉండాలి. దానికే అంటుకుని టాయిలెట్, లోపలి గడియ, కిటికీ, లాకర్లు, సెక్యూరిటీ దగ్గర మోగే బెల్. వార్డుకు దగ్గరలో, జనం తిరిగే కారిడార్ మీదే పెట్టించండి. పై అంతస్తు చివర 'ప్రశాంతంగా ఉంటుంది' అని ఇస్తే ఒప్పుకోకండి.

మూడోది మంచాల మధ్య దూరం. అంచు నుంచి అంచుకు నాలుగడుగులు. మూడైతే సెలైన్ స్టాండు ఒకవైపు, ఆక్సిజన్ ఒకవైపు పెట్టాక మీరు పక్కకు వంగి పనిచేయాలి. నడుం నొప్పులు అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: రోగితో వచ్చినవాళ్లు వార్డులోనే మంచాల కింద పడుకుంటున్నారు. వద్దంటే గొడవ. – ట్రస్టు ఆస్పత్రి మేనేజర్, అనంతపురం

వద్దనకండి. మన దగ్గర సగం సేవ చేసేది వాళ్లే. నీళ్లు తాగించడం, టాయిలెట్‌కి తీసుకెళ్లడం, మందులు తేవడం. ఒక్కరికి చోటు ప్లానులో ఇవ్వండి: కిటికీ గట్టు కింద ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల, లోపల సామాను పెట్టుకునే పెట్టె. మిగతావాళ్లకు కింద అంతస్తులో హాలు. అందులో ఫ్యాన్లు, తాగునీరు, ఫోను చార్జింగ్ పాయింట్లు, స్నానాల గదులు, బట్టలు ఆరేసే తీగ. తీగ మరిచిపోతే లుంగీలు, తువ్వాళ్లు మీ ర్యాంపు కడ్డీల మీద ఆరతాయి. ఐసీయూ నుంచి పేరు పిలిస్తే ఆ హాల్లో వినపడాలి. వినపడదనే భయంతోనే జనం ఐసీయూ గుమ్మం వదలరు.

ప్రశ్న: మెయిన్ రోడ్డు, బస్టాండ్ ఎదురుగా స్థలం. శబ్దం ఎలా తగ్గించాలి? – ఒక బిల్డర్, నంద్యాల

రోడ్డు వైపు మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, ల్యాబు, ఫార్మసీ పెట్టి వార్డులు వెనక్కి తిప్పండి. ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. వార్డులో రాత్రి సగటున 30 డెసిబెల్స్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో మన చట్టం రాత్రికి 40 అంటుంది. బస్టాండ్ ఎదురుగా ఆ రెండు అంకెలూ కాగితం మీదే. జనరేటరు మాత్రం మీ చేతిలో ఉంది: మూత ఉన్న సెట్టుకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు, అయినా వార్డు కిటికీ కింద పెట్టకండి.

లోపలి శబ్దం ఎక్కువగా ట్రాలీలది. ఐదంగుళాల రబ్బరు చక్రాలు, గచ్చులో జాయింట్ల దగ్గర ఎత్తుపల్లాలు లేకపోవడం, తలుపులకు మెల్లగా మూసే క్లోజర్లు ఉంటే అది తగ్గుతుంది. శబ్దం పీల్చే ఫాల్స్ సీలింగ్ వేసేముందు ఎలుకల సంగతి ఆలోచించండి. పైపులు, కేబుళ్లు గోడలోంచి వచ్చే ప్రతి రంధ్రాన్నీ సిమెంటుతో మూసిన తర్వాతే పలకలు ఎక్కించాలి.

ప్రశ్న: ఫైర్ ఎన్ఓసీ వచ్చింది. ఇంకేమైనా చూడాలా? – నర్సింగ్ హోమ్ యజమాని, హనుమకొండ

సెల్లారులో ఏముందో చూడండి. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఆమ్రి ఆస్పత్రిలో మంట మొదలైంది సెల్లారులో పేర్చిన సామానులోంచి. దాదాపు 90 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. రాత్రివేళ, మంచం దిగలేని రోగులు, మూసి ఉన్న అద్దాలు. ఏసీ డక్టులు, కేబుల్ షాఫ్టులు ప్రతి అంతస్తులోనూ మంటను ఆపే పదార్థంతో మూసి ఉండాలి. ప్రతి అంతస్తును పొగ ఆపే తలుపుతో రెండు భాగాలు చేస్తే, మంచాలను మెట్ల మీదుగా దించే బదులు పక్క భాగంలోకి తోసేయొచ్చు. ఇద్దరు నర్సులతో రాత్రి రెండు గంటలకు సాధ్యమయ్యేది అదొక్కటే. కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేసేసి ఉంటే గదికొకటి లోపలి నుంచి తెరుచుకునేలా మార్చండి. రెండో మెట్ల దారిలో పాత మంచాలు ఉంటే ఈ రోజే తీయించండి.

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇక్కడి మిత్రులం కలిసి డబ్బు పోగుచేశాం. ముందువైపు గ్రానైట్, ఆర్చి, ఏసీ హాలు అనుకుంటున్నాం. – డాలస్ నుంచి

ఆర్చి మీద మీ పేర్లుంటాయి, సరే. ముందు పైకప్పు చూడండి. ఒకే అంతస్తు కట్టడంలో ఎండంతా స్లాబు గుండానే దిగుతుంది. చీలికలు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, దాని మీద తెల్ల కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే) పెయింటు రెండు పూతలు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. దుమ్ము పడితే తెలుపు పనిచేయడం తగ్గుతుంది, ఏటా వేసవికి ముందు కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఆ ఖర్చు కూడా ఇప్పుడే పక్కన పెట్టండి. పడమటి కిటికీలకు రెండున్నర అడుగుల సన్‌షేడ్. ప్రసవాల గది పక్కనే వేడినీళ్లు వచ్చే టాయిలెట్. నర్సుకు గడియ ఉన్న గది. మోటారు కాలిపోయినా రెండు రోజులు సరిపోయే నీళ్ల ట్యాంకు. గ్రానైట్ ర్యాంపు మీద మాత్రం వద్దు, వానలో జారుతుంది. గరుకు కోటా రాయి వేయించండి. ఏది చేసినా మెడికల్ ఆఫీసరు, జిల్లా వైద్యాధికారి రాతపూర్వక అనుమతి తీసుకుని, అక్కడ పనిచేసే ఏఎన్ఎంను ఒకసారి అడిగి మొదలుపెట్టండి. ఏ కుళాయిలో నీళ్లు రావో, ఏ మూల కురుస్తుందో ఆమెకు తెలుసు.